బావ చెవి, అక్క తువ్వాలు

మా బావ మెకానిక్కు. రబ్బరు పైపు ముక్క ఒక కొస ఇంజనుకి ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని రోగం ఇదీ అని చెబుతాడు. అందుకే వీధంతా ఆయన్ని డాక్టరంటుంది. ఆ మాట వింటే చాలు, ఉబ్బిపోతాడు. ఇంట్లో అక్క పిలుపు మాత్రం ఆ చెవికి వినబడదు.

అక్కకి ఓ పికప్పు ఉంది. అందులో కోడిగుడ్లు వేసుకుని గుట్ట మీది హాస్టలుకి తనే తోలుకెళుతుంది. మొన్న ఆదివారం ఆ బండి నిలబడ్డ చోటే వణుకుతూ ఆగిపోతుంటే, బావ థ్రాటిల్ బాడీ విప్పాడు. ఇంజనులోకి ఎంత గాలి వెళ్ళాలో చూసుకునే తలుపు అది. దానికి పట్టిన మసంతా కడిగాడు. విప్పిన గొట్టంలో నట్టు జారిపడకుండా గుడ్డ కుక్కడం ఆయన అలవాటు. మంచి అలవాటే.

మర్నాడు బండికి వణుకు పోయింది. కానీ గుట్ట ఎక్కమంటే సగంలో ఆయాసపడి చతికిలబడింది. అక్క గుడ్లతో సహా వెనక్కి దిగి, తిన్నగా షెడ్డుకొచ్చింది.

"ఈ పూట ఎక్కకపోతే రేపు ఎదురు షెడ్డులో ఇచ్చేస్తా."

బావ ముఖాన నెత్తురు చుక్క లేదు. కట్టుకున్న పెళ్ళామే బండి ఎదురు షెడ్డుకి తోలితే, ఇక ఆ వీధిలో తలెత్తుకునేదెలా? నాకు జాలేసింది. నవ్వూ వచ్చింది, దాచడం ఎందుకు?

పైపు చెవిలో పెట్టుకుని ఎంత విన్నా, ఎక్కడా గాలి లీకవుతున్న చప్పుడు లేదు. అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లినా ఇంజను మోత మారలేదు. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు కల్తీ అన్నాడు. చివరికి, "మీ అక్క తోలడమే అంతరా!" అని నాతో గొణిగాడు.

అక్క నా మీద పడింది. "ఏరా, నిన్నట్నుంచి నా ఆకుపచ్చ తువ్వాలు కనబడట్లేదు. నువ్వే కదూ తీసింది?"

చుట్టపుచూపుగా వచ్చిన పాపానికి దొంగనయ్యాను. బావ చేతిలో స్పానరు మాత్రం ఠక్కున ఆగింది. అక్క అటు తిరగ్గానే గాలి గొట్టం ఊడదీసి లోపల చెయ్యి పెట్టాడు. ముందు ఆకుపచ్చ అంచు, తర్వాత తువ్వాలంతా బయటికొచ్చింది. గబుక్కున చొక్కాలో దోపుకున్నాడు. ఉన్న బొజ్జకి ఇంకో బొజ్జ తోడైంది.

ముగ్గురం ఎక్కాం. బండి గుట్టెక్కేసింది, ఒక్క గుడ్డు పగల్లేదు. తిరిగొస్తుంటే ఎదురు షెడ్డాయన ఆపి, "ఏమిటమ్మా బండికి రోగం?" అన్నాడు. బావ కొత్త బొజ్జని రెండు చేతులా అదిమిపట్టుకున్నాడు.

"లోపల గాలి ఆడలేదటండీ. మా ఆయన చెవితోనే పట్టేశారు" అంది అక్క.

అద్దం పైకెత్తాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా అంది:

"ఇంటికెళ్ళగానే ఆ బొజ్జ తీసి, ఉతికి ఆరెయ్యండి."

బావకి ఈసారి ఒక్కమాటుకే వినబడింది.