ఎగరడం మానేసిన ఆవిడ

మొన్న పాత పుస్తకాల కొట్టులో జిగురు వాసన తగలగానే బ్రాడీపేటలోని అద్దె పుస్తకాల షాపు గుర్తొచ్చింది. ఎనభైల్లో అక్కడ కామిక్కుల అట్టలు చింపేసి, చేతికందినవన్నీ కలిపి ఒకే బైండుగా కుట్టేవారు. అలా ఒకే వీరనారి ఇంగ్లీషు కామిక్కులు కుట్టిన బైండు ఒకటి నాకు దొరికింది. ఆరో తరగతిలో ఉన్న నేను అదంతా ఒకే కథ అనుకున్నాను. గ్రంథాలయంలో నిఘంటువు ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని కదా, మిరపకాయల తొడిమలు తీస్తున్న అమ్మకీ పక్కింటి మరియమ్మ పిన్నికీ గొప్పగా తెలుగు చేసి చెప్పాను.

ఆ వీరనారి మొదట ఆకాశంలో ఎగిరి యుద్ధం ఆపింది. తర్వాత ఎగరడం మానేసి బట్టల కొట్టు పెట్టుకుంది. ఆ తర్వాత ప్యాంటు వేసుకుని ఆఫీసుకు వెళ్లింది. మళ్లీ ఎగరనే లేదు.

"మధ్యలో ఏమైందే?" అంది పిన్ని.

"ఏమీ రాయలేదు పిన్నీ."

"పెళ్లయ్యుంటుందిలే," అంది అమ్మ తల ఎత్తకుండా. ఇద్దరూ నవ్వారు.

ఉక్రోషంతో షాపుకు పరుగెత్తి, పేజీలు పోయాయని పోట్లాడాను.

"అన్నీ ఉన్నాయమ్మా. చదివి ఇచ్చెయ్," అన్నాడు షాపాయన.

అవి వేర్వేరు కాలాలవాళ్లు ఆవిడను తమకు తోచినట్టు మార్చి రాసిన కథలని చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను. అయినా చిరాకు పోలేదు. లేని పేజీల కోసం అంత పోట్లాడాను గానీ, పెళ్లయ్యుంటుందన్న ఆ జవాబు అంత చప్పున ఎలా తోచిందని అమ్మను అడగనేలేదు.