కొండ మాయమైన పొద్దు

చెన్నై తొండియార్‌పేటలో మా ఇంటి మేడ ఎక్కితే కనబడేవి హార్బరు క్రేన్లే. కొండ చూడాలంటే అమ్మ పుట్టిన ఊరికి పోవాలి. రైలు దిగగానే రెండు వైపులా కొండలు, మధ్యలో ఏరు. ఏటి ఒడ్డున పుట్టిన ఊరు పెరిగి పెరిగి ఇప్పుడు చిన్న నగరమైంది. ఏడాదిలో చాలా నెలలు ఏట్లో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ. ఫొటో చూపిస్తే చెన్నై స్నేహితురాళ్ళు "ఇదా మీ నది?" అని నవ్వుతారు. నలుగురిలో గొంతెత్తే అలవాటు నాకు లేదు. డైరీలో మాత్రం ఆ ఊరి గురించి పేజీలకు పేజీలు రాసుకుంటాను.

అక్కడ సగం వీధుల్లో మగ్గాల చప్పుడే. లుంగీలు నేస్తారు. పొద్దున్నే పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి ఆరబెడతారు. అంతసేపూ వీధి నేతగాళ్ళది. పెళ్ళికారైనా సరే, ఇంజను ఆపి నిలబడాల్సిందే. గంజి ఆరకముందు వాన పడితే పోగులు అతుక్కుపోయి పడుగంతా పాడవుతుంది. అందుకని ఆ ఊరికొక కట్టుబాటు ఉంది. వాన ముందు పడమటి కొండను కమ్మేస్తుంది. అది ఎవరి కంట పడితే వాళ్ళు "కొండ పోయె!" అని కేక వేయాలి. చిన్నా పెద్దా తేడా లేదు.

పోయిన వానాకాలం సెలవు పెట్టి వెళ్ళాను. పెద్దమ్మ, పెద్దనాయన వీధిలో వంగి గంజి పట్టిస్తున్నారు. ఆ నెల వాళ్ళ సంపాదనంతా ఆ పడుగులోనే ఉంది. నేను అరుగు మీద కుర్చీలో పుస్తకం చదువుకుంటూ తలెత్తాను. కొండ ఉండాల్సిన చోట ఒట్టి తెలుపు.

వీధిలో తలెత్తినవాళ్ళు ఇంకెవరూ లేరు. పెద్దమ్మ చెవిలో చెబుదామనుకున్నాను. కానీ వీధి చివరిదాకా పడుగులున్నాయి.

"కొండ పోయె!"

వీధి మొత్తం కదిలింది. ఆగి ఉన్న ఆటో మనిషి కూడా దిగొచ్చి మా పడుగు కొస పట్టుకున్నాడు.

"అట్ల లాగొద్దన్నా, మెల్లగా సుట్టు," అని పెద్దనాయన అరిచాడు. "నీ ఆటో తాడనుకుంటివా?"

చివరి పడుగు ఇంట్లోకి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి.

ఎదురింటి అవ్వ కొంగు పిండుకుంటూ అడిగింది. "ఎవురే కేకేసింది? మైకు పెట్టినట్టు ఉండె!"

"మా మెడ్రాసు పిల్ల," అంది పెద్దమ్మ.

"ఇంత గొంతు పెట్టుకోని ఇన్నాళ్ళు యాడ దాస్తివమ్మే?"

నేను తల వంచుకున్నాను గానీ నవ్వు ఆగలేదు.

మధ్యాహ్నం ఎండ కాసింది. పడుగులు మళ్ళీ వీధిలోకి వచ్చాయి. పెద్దనాయన నా కుర్చీ ఎత్తి పడమటికి తిప్పి వేశాడు. "ఈడ కూసో తల్లీ. ఈ పూట కొండ నీది," అని గంజి కుండ దగ్గరికి పోయాడు. పుస్తకం ఇంట్లో పెట్టొచ్చి, నిటారుగా కూర్చున్నాను.