చంద్రమ్మ గ్యాసు గుంత

కొండాపూర్‌లో మొదటి గోబర్ గ్యాసు పొయ్యి చంద్రమ్మ ఇంట్లోనే వెలిగింది. కట్టెల పొగలో కళ్లు పోగొట్టుకున్న అత్తను చూశాక, తన కళ్లన్నా దక్కించుకోవాలని పట్టుబట్టి తవ్వించుకున్న గుంత అది. రోజూ పొద్దున్నే పేడను నీళ్లలో చేత్తో పిసికి పోసేది. గ్యాసు నిండి ఇనుప డ్రమ్ము పైకి లేస్తుంటే మురిసిపోయేది. తర్వాత ఊళ్లో ఎవరు గుంత తవ్వించుకున్నా ఆమే తన గుంతలోంచి బకెట్ బురద ఇచ్చేది. పాలకు తోడు వేసినట్టు, కొత్త గుంతలో నడుస్తున్న గుంత బురద పడాలి. లేకపోతే గ్యాసు అందుకోదు.

తొంభై ఎనిమిది నాటికి బర్రెలు మేసే బీడు చుట్టూ గోడ లేచింది. లోపల అద్దాల మేడ, మేడ ముందు పచ్చిక. మేత లేక బర్రెలు అమ్ముడుపోయి ఒక్కటే మిగిలింది. భర్త ఐలయ్య అదే బీడులో పచ్చిక కోసే కూలీగా కుదిరాడు. ఇంతకన్నా ఎగతాళి ఉంటుందా?

ఒక్క బర్రె పేడకు డ్రమ్ము లేవడం మానేసింది. దాన్నీ అమ్మేద్దామని ఐలయ్య పోరు. గ్యాసు వచ్చినన్నాళ్లూ బర్రె ఉంటుందని చంద్రమ్మ మొండికేసింది. గడ్డితోనూ గ్యాసు వస్తుందని గుంత కట్టిన మేస్త్రీ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి, మేడ దగ్గర కోసి పారేసే గడ్డిని మూటలు కట్టి తెప్పించింది. పురుగుమందు కొట్టిన గడ్డి అది. అందుకే బర్రెను దాని దరిదాపులకు రానివ్వకుండా, సన్నగా తరిగి అంతా గుంతలో పోసింది. గుంతకూ ప్రాణముంటుందని, ఇన్నేళ్లు దానికి తిండి పెట్టిన మనిషికే తట్టలేదు.

వారం తిరగకుండా బుడగలు ఆగిపోయాయి. డ్రమ్ము అడుగంటింది.

గుంతంతా తోడిపోసి, బకెట్ పట్టుకుని తోడు బురద కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఒకప్పుడు తను ఇచ్చిన ఇళ్లే. చివరికి సత్తెమ్మ వాకిట్లో నిలబడింది.

సత్తెమ్మ ఆ బకెట్ వంక చూసి తల దించుకుని, పెరట్లో కొత్తగా లేచిన గది వైపు చెయ్యి చూపింది. "ఎప్పుడో పూడ్చినం చెల్లె. గా అర్ర దాని మీదనే ఏసినం. కంపెనీల పనిజేసే పిలగాండ్లు కిరాయికుంటున్రు. ఊర్ల ఇగ ఎవ్వలకీ లేదు."

ఖాళీ బకెట్‌తో వచ్చిన భార్యను చూసి ఐలయ్య గొంతు తగ్గించాడు. "మనం గూడ పూడ్చి అర్రలేద్దామే."

"మరి బర్రె?"

ఐలయ్య కట్టుకొయ్య దగ్గరున్న బర్రె వంక ఒకసారి చూసి, కండువా దులుపుకుని లోపలికి వెళ్లాడు. చంద్రమ్మకు మళ్లీ అడిగే ధైర్యం లేకపోయింది.

మర్నాడు పొద్దున బర్రె పేడ వేసింది. చంద్రమ్మ ఎప్పటిలాగే తట్టలోకి ఎత్తుకుని గుంత దాకా వెళ్లి ఆగింది. ఎక్కడ పోయాలో తెలియక, తట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.