చింతపండు పీటకు హక్కు పత్రం

చింతపండులో గింజ తీయడం నీకు తెలీదు కదా, ముందు అది రాసుకో. కాయను రాతి మీద ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో చిన్న ఇనుప కడ్డీతో కొట్టాలి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అదే పని. ఎండాకాలం వస్తే మా ఊళ్ళో ఏ ఆడమనిషి ఎడమ బొటనవేలు చూసినా గోరు నల్లగా కమిలి ఉండేది. నాదీ అంతే. మా ఊరంటే తెలుసు కదా, కన్నడ సీమలో కెంచార్లహళ్ళికి రెండు మైళ్ళు.

మీ తాత నా గోరు చూశాడు. పెరట్లో వారం రోజులు ఏదో చెక్కుతూ కూర్చున్నాడు. చివరికి ఒక పీట తయారైంది. దాని మీద పళ్ళున్న రెండు చెక్కలు, కింద కాలితో తొక్కే కడ్డీ. కాయను చెక్కల మధ్య పెట్టి తొక్కితే గింజ ఎగిరి బయట పడుతుంది. వేలికి దెబ్బ లేదు.

మొదటి రోజే పక్కింటామె అడిగింది, ఇచ్చాను. ఆమె నుంచి ఆమె తోడికోడలికి, అక్కడి నుంచి పైవీధికి. ఆ పీట మా ఇంట్లో కంటే ఊళ్ళోనే ఎక్కువ ఉండేది. మీ తాత ఇంకో నాలుగు చేసిచ్చాడు. అట్లా మూడు ఎండాకాలాలు గడిచాయి.

ఒకరోజు ఆయన బాగేపల్లి సంతకు పోయి వచ్చి, అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉన్నాడు.

"ఏమైందయ్యా?"

"సంతలో ఒక కమ్మరాయన మన పీట అమ్ముతాండాడు. అచ్చం మనదే."

"అమ్ముకోనీ. నలుగురికి పనికొస్తాది."

"అమ్మితే నాకేం మే. ఎవరు చేసినారప్పా ఇది అని అడిగితే, నా తలలో పుట్టిందే అన్నాడు. నా మొగం చూసి చెప్పినాడు."

ఆ పూట ఆయన సరిగ్గా తినలేదు. తన తలలో పుట్టిందాన్ని ఎవరో తనదన్నాడే అన్నదే ఆయన బాధ. దానికి మందు ఏముందో మా ఇద్దరికీ తెలీదు.

తర్వాత కొన్నాళ్ళకు చింతామణిలో ఒక మీటింగు పెట్టారు. పరిశ్రమల ఇలాఖా ఆఫీసరు వచ్చి, కొత్త వస్తువు కనిపెట్టినవాళ్ళ కోసం ఢిల్లీ సర్కారు చట్టం చేసిందని చెప్పాడట. దాన్ని పేటెంటు అంటారు, అది వస్తే పద్నాలుగేండ్లు నీ ఒప్పుకోలు లేకుండా ఇంకొకరు ఆ వస్తువు చేసి అమ్మకూడదు. మీ తాత ఇంటికి వచ్చి "మే, మన పీటకు హక్కు పత్రం ఇస్తారంట" అన్నాడు. అంత వెలుగు ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

ఇక్కడే నేను తప్పు చేశాను. మాకు తెలిసిన హక్కు పత్రం ఒకటే, భూమిది. కౌలు భూములు దున్నేవాళ్ళకే రాసిస్తున్న కాలం అది. ఈయన ఇన్నేండ్లుగా ఈ భూమి దున్నుతున్నాడని చుట్టుపక్కలవాళ్ళు సాక్ష్యం చెప్పాలి. ఎంతమంది చెబితే అంత గట్టి. పీటకూ అంతే అనుకున్నాను. బడి మేష్టరు చేత కన్నడంలో రాయించాను: 'ఈ పీటను మేమందరం మూడేండ్లుగా వాడుతున్నాము.' ఇల్లిల్లూ తిరిగి, రెండు కాగితాల నిండా వేలిముద్రలు వేయించాను.

ఆ కాగితాలు పట్టుకుని ఇద్దరం చిక్కబళ్ళాపురంలో ఆ ఆఫీసరు దగ్గరికి పోయాం. ఆయన నిదానంగా చదివాడు.

"ఇంతమంది వాడినారామ్మా?"

"ఊరంతా సార్. చాలకుంటే కైవారంలో మా చుట్టాలుండారు, వాళ్ళూ వాడినారు. వాళ్ళ చేతా వేయించుకోనొస్తాను."

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వద్దమ్మా. తెచ్చిందే ఎక్కువైంది. భూమి సంగతి వేరే. దీంట్లో అర్జీ పెట్టకముందే ఊరంతా వాడితే అది కొత్తది కాదు. కొత్తది కానిదానికి సర్కారు పేటెంటు ఇయ్యదు."

నేను ఆ కాగితాలు నా వైపు లాక్కున్నాను. "ఈ కాగితాలు చించేస్తే సార్?"

మీ తాతే జవాబు చెప్పాడు. "చించితే వాళ్ళు వాడలేదని అయితాదా? ఊరుకో మే."

ఆఫీసరు ఆయన వైపు తిరిగాడు. "దీంట్లో ఇంకా ఎవరూ చూడని మార్పు ఏదన్నా చేస్తే, దానికి పెట్టొచ్చప్పా. అర్జీ మద్రాసు పేటెంటు ఆఫీసుకు చేరేదాకా నోరు మాత్రం తెరవకూడదు" అని నన్ను చూశాడు. ఎట్లా కనిపెట్టాడో.

బస్సులో ఏడ్చాను. ఆయన పత్రాన్ని నా చేతులతో నేనే పోగొట్టానని. మీ తాత కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "నీవు ఎవరికీ ఇయ్యకుండా దాన్ని గదిలో పెట్టుకోనుంటే పత్రం వచ్చుండు. ఆ నల్ల గోళ్ళతో ఆడోళ్ళు మన వాకిలి ముందరే పోతాంటే, నాకు అన్నం దిగునా?"

ఆ పీటతో ఒక చిక్కు ఉండేది. గింజలు ఎగిరి మళ్ళీ పండులోనే కలిసేవి, ఏరుకోవాల్సి వచ్చేది. ఒకరోజు చక్కిలాలు ఒత్తుతుంటే నాకు తోచింది. అచ్చులో కింద చిల్లి ఉండబట్టే కదా పిండి కిందికి దిగుతోంది, పీట కింది చెక్కకు సన్నని సందు కోస్తే గింజ కిందికి పడి, పండు పైనే ఉంటుంది కదా అని. ఆయనకు చెప్పాను. ఆయన ఆ అచ్చు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

పెరటి తలుపు మూసుకుని పని మొదలుపెట్టాడు. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు, రాసుకో.

"ఏమక్కా, పెరటి తలుపు మూసే ఉండాది, మొగుణ్ణి కట్టేసినావా?" అని పక్కింటామె.

"జరమొచ్చి పడుకోనుండాడు."

ఆ సాయంత్రం ఆమె మిరియాల చారు కాచి తెచ్చింది. ఆయన తల ఎత్తకుండా తాగాడు. "ఆయమ్మకు చెప్పకుండా ఉండేది నా చేత కాదు మే, బిరీన పోదాం పా" అన్నాడు.

మళ్ళీ చిక్కబళ్ళాపురం. ఆఫీసరు అర్జీ తానే రాస్తూ అడిగాడు: "ఇది నిజంగా మొదట ఎవరికి తోచింది? ఇది ప్రమాణం చేసి చెప్పేది."

"ఈయనకే సార్" అన్నాను వెంటనే.

మీ తాత చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఆ పత్రం కోసం ఆయన ఎంత ఆశపడ్డాడో నాకు తెలుసు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "పీట నాది సార్. సందు మా ఆడామెకు తోచింది."

"చక్కిలాలు ఒత్తితి, అంతే సార్. ఈయన పేరే రాయండి."

"నీవు చెప్పిందాన్ని నాదని రాయించుకుంటే, సంతలో ఆయప్పకూ నాకూ తేడా ఏముండాది మే?"

ఆఫీసరు కలం ఆపాడు. "తోచింది ఆమెకు, దాన్ని కుదిరించి చేసింది నీవు. ఇద్దరి పేర్లూ రాస్తానప్పా."

"ముందర ఆమెది రాయండి సార్."

మా భూమి కాగితాల్లో గానీ ఇంటి కాగితాల్లో గానీ నా పేరు ఎక్కడా లేదు అప్పటికి.

అర్జీ చేరిందని మద్రాసు నుంచి రసీదు వచ్చిన రోజే కొత్త పీట పక్కింటికి మోసుకుపోయాను. పత్రం రావడానికి ఇంకా ఏండ్లు పట్టింది. అది వచ్చాక బాగేపల్లి కమ్మరాయన మా ఇంటికే వచ్చి, సందు పీట చేసుకోవచ్చా అని అడిగి మరీ చేసుకున్నాడు. మీ తాత సరేనన్నాడు.

పత్రం ఇంగ్లీషులో ఉంది, ముద్ర వేసి. మేష్టరు మా అరుగు మీద కూర్చుని చదివాడు. ఆయన చదువుతున్నంతసేపూ నేను కాగితం చూడలేదు, మీ తాత ముఖమే చూశాను, ఎక్కడన్నా చిన్నబోయిందేమోనని. మీ తాత నా పేరు ఏదో చూపించమన్నాడు. మేష్టరు వేలు పెట్టి చూపించాడు. మీ తాత వంగి, ఆ అక్షరాల మీద తన వేలు నడిపించాడు.

"నీ పేరు ఇంగ్లీషులో ఎంత పొడుగుండాదో చూడు మే" అన్నాడు. "నాది దాని కింద ఆనుకోని కూసోనుండాది."