కాళ్లూపే శవం

సంగారెడ్డి కాలేజీల నా పక్కన కూసునే దోస్తుకు ఒంట్ల కుదురే లేదు. క్లాసులైనా బస్సులైనా కాళ్లు ఊపుతనే ఉండెటోడు. బీరంగూడల వాళ్లింటికి పోతే వాళ్లమ్మది ఒకటే మాట: “కాళ్లూపకురా, దరిద్రం!”

మా మొదటి షార్ట్ ఫిల్మ్‌ల శవంగ పండుకోనీకి అపశకునమని ఎవ్వరూ ఒప్పుకోలే. వాడే సరేనన్నడు. వాళ్లమ్మ గుడికి పోయినంక వాన్ని హాల్ల పండవెట్టి, ముక్కుల దూది వెట్టి, ఫోన్‌ల తీసుడు షురూ చేసినం. ప్రతి టేకుల కాలు కదిలిచ్చిండు. “జెర సచ్చినట్టు పండురా!” అని మొత్తుకున్న. ఆఖరికి కదలకుండ పన్నడు.

గప్పుడే వాళ్లమ్మ తలుపు తీసింది. “షూటింగ్ ఆంటీ, షూటింగ్” అని మేం ఒర్లుతున్నా ఆమెకు ఇనవడలే. వాడి పాదాలు రెండూ పట్టుకొని ఏడ్వవట్టింది. “ఊపరా నాన్నా, కాళ్లు ఊపరా!”