మూత పెట్టిన మంగలికత్తి

ఆ రోజుల్లో మాదాపూర్ గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతుంటే, ఆ దుమ్మంతా మింగుతూ ఉద్యోగానికి వెళ్ళే నాలాంటి వాళ్ళకు లోకంలో మాకు తెలియనిదంటూ లేదని గట్టి నమ్మకం. (మెడలో ఐడీ కార్డు వేలాడితే ఎవరికైనా అంతే.) ఆ నమ్మకానికి బలైంది మా మావయ్య మంగలికత్తి.

నేనుండేది మావయ్య ఇంట్లోనే. సర్కారు ఉద్యోగి అయిన ఆయన, ప్రమోషన్ వచ్చేదాకా గడ్డం గీయనని వెంకన్నకు మొక్కుకున్నాడు. ఆ కత్తి కాకినాడలో వాళ్ళ నాన్న వాడింది. పిడి మీగడ రంగు సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్; చూస్తే ఏనుగు దంతమే అనుకుంటాం. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అలాంటిది, "ఒరేయ్ అబ్బాయ్, కళ్ళెదురుగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు. నువ్వే దాచు. వారానికోసారి ఉక్కుకి కుట్టుమిషన్ నూనె రాసి, గాలి తగిలేచోట పెట్టు. పెట్టెలో మాత్రం పెట్టకు" అని నా చేతికిచ్చాడు.

గాలిలో తేమ ఉంటుంది, తేమ వల్లే తుప్పు పడుతుంది, ఇంతమాత్రం ఆయనకు తెలియదే అని జాలిపడ్డాను. మా ఆఫీసులో కంప్యూటర్ విడిభాగాలు గాలి చొరబడని కవర్లలో, తేమ పీల్చే గుళికల పొట్లాలతో వచ్చేవి. అలాంటి కవరొకటి తెచ్చి, కత్తిని మడిచి పెట్టి, నాలుగు పొట్లాలు వేసి, స్టీలు డబ్బాలో పెట్టి చుట్టూ టేపు అతికించి, ఇక వారం వారం నూనె ఎందుకనుకున్నాను. మూడో నెలలో ఓసారి విప్పి చూడబోతే కవరు తెరవకముందే కర్పూరం వాసన కొట్టింది. ఇక పురుగు కూడా చేరదని అత్తయ్యకు గొప్పగా చెబితే, ఆవిడ డబ్బాను కళ్ళకద్దుకుంది.

ఎనిమిదో నెలలో ప్రమోషన్ వచ్చింది. మావయ్య తిరుపతి వెళ్ళి దర్శనం చేసుకొచ్చి, సోమవారం కొత్త సీట్లో కూర్చునే ముందు నాన్న కత్తితోనే గీసుకుంటానన్నాడు. శనివారం కవరు తెరిచాను. ముక్కు మండింది. పిడి పగిలి జిగురైపోయింది. ఉక్కంతా తుప్పు.

రాయదుర్గంలో క్షౌరం చేసే ముసలి తాత దగ్గరికి పరుగెత్తాను. ఆయన వాసన చూసి, "ఏంది సార్, మూత బెట్టి దాచినవా? గీ పిడి కర్పూరం కలిపి చేసింది, దీనికెళ్ళి ఘాటు ఆవిరి ఎల్తది. బయటికి పోనియ్యకుంటే అదే ఇనుమును తింటది" అన్నాడు.

"బాగవుతుందా తాతా?"

"పిడి పాయె. కత్తి నూరి చూస్త. జర కూసో, పరేషాన్ గాకు."

సాయంత్రానికి గుంటలు పడిన ఉక్కుకి టేకు పిడి వేసి ఇచ్చాడు. సోమవారం పొద్దున్నే మావయ్య చేతిలో పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. పాత పిడి ముక్కలు అడిగి తీసుకుని, చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. "మా నాన్న చెయ్యి ఆడిన పిడిరా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత అద్దం ముందు నిలబడి, రెండు గాట్లు పెట్టుకుంటూనే గడ్డం గీయడం ముగించాడు. "రేపట్నుంచి పెందలాడే లే. తోలుపట్టీ మీద దీన్ని సానపట్టడం నేర్పుతా. పాడుచేసినవాడే బాగుచెయ్యాలి."

ఎవరినీ ముట్టుకోనివ్వని కత్తి అలా నా చేతికొచ్చింది. ఇప్పుడు నా నెరిసిన గడ్డం దాంతోనే గీసుకుంటాను. టేపు చుట్టిన ఆ మేధావి గుర్తొచ్చి నవ్వొస్తుంది; అంత శ్రద్ధగా పాడుచెయ్యడం అందరికీ చేతకాదు. పాడుచేశాను గనకే ఏళ్ళ తరబడి పొద్దున్నే మావయ్య పక్కన నిలబడగలిగాను. ఇప్పుడు ఆయన లేడు. నవ్వుతుంటే చెయ్యి వణుకుతుందని, ముందు నవ్వేసుకుని తర్వాత కత్తి పట్టుకుంటాను.