భుజం మీద వేలు

న్యూకాసిల్ నుంచి రీడింగ్ వచ్చే రైల్లో మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతున్నాను. స్వీడన్‌లో నా మొదటి ఎల్క్ వేటకి ఏ రైఫిల్ కొనాలన్నదే చర్చ. ఎల్క్ అంటే గుర్రం కన్నా ఎత్తుండే దుప్పి. మామూలు త్రీ నాట్ ఎయిట్ తూటా సరిపోతుందా, లేక అంతకన్నా జోరుగా పేలే మాగ్నమ్ కావాలా?

"పెద్దదే తీసుకోండి, ఎందుకైనా మంచిది" అంది. చెప్పుల దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా మా ఇంట్లో ఏది కొన్నా ఆ లెక్కే.

ఫోన్ పెట్టేశాక ఎదురు సీట్లోని పెద్దాయన తెలుగులో పలకరించారు. స్కాట్లాండ్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా చేసి రిటైరయ్యారట. అక్కడి కొండల్లో జింకల వేటకి వెళ్తుంటారట.

"మాగ్నమ్ ఎప్పుడైనా పేల్చావా బాబూ?"

"ఒక్కసారి, అంకుల్. అది వెనక్కి తన్నిన తన్నుకి వారం దాకా భుజం లాగుతూనే ఉంది."

ఆయన పిడికిలి బిగించి నా భుజం మీదికి విసిరారు. తగలబోతుండగా ఆపేసి, ఒక్క వేలితో మెల్లగా తాకారు.

"నేనింకా కొట్టనే లేదు. నువ్వప్పుడే కళ్ళు మూసేశావు. అడవిలోనూ అదే చేస్తావు. గురి తప్పి తూటా పొట్టలో తగిలిందనుకో, ఆ మూగజీవం రోజంతా కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతుంది. ఎల్క్‌కి త్రీ నాట్ ఎయిట్ చాలు. నువ్వు భయపడనిది కొనుక్కో."

బర్మింగ్‌హామ్‌లో దిగిపోయారు. ఆయన పేరైనా నేను అడగలేదు.

మా ఆవిడ సణిగినా త్రీ నాట్ ఎయిటే కొన్నాను. ఆ ఏడు చలికాలం మొదలయ్యే ముందు, స్వీడన్ అడవిలో ఒక పొద్దున ఒక ఎల్క్ చెట్ల మధ్య నుంచి బయటికొచ్చి నిలబడింది. ట్రిగ్గర్ నొక్కాను. నాలుగడుగులు వేసి, అక్కడే కూలిపోయింది. అది పడేదాకా నేను చూస్తూనే ఉన్నాను.